బడి ఎంచుకోవాలంటే ముందు సమాచారం కావాలి

సంపాదకులకు,

నమస్కారం. మీ జిల్లా పేజీల్లో ఈ నెలంతా పాఠశాలల అడ్మిషన్ ప్రకటనలు వస్తున్నాయి. ర్యాంకులు, డిజిటల్ తరగతులు, బస్సు రూట్లు, ఐఐటీ ఫౌండేషన్, అన్నీ ఉంటున్నాయి. మాలాంటి తల్లిదండ్రులు వెతుక్కునే విషయం మాత్రం ఒక్క ప్రకటనలోనూ కనబడటం లేదు. ఆ బడిలో స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించడంలో శిక్షణ పొందిన టీచర్, ఉన్నారా? ఆటిజం ఉన్న పిల్లల్ని చేర్చుకుంటారా? చేర్చుకుంటే వాళ్ల కోసం ఏం ఏర్పాట్లు చేస్తారు? ఈ సంగతులు తెలుసుకోవడానికి మేము చెప్పులరిగేలా గేటు గేటుకీ తిరుగుతున్నాం. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను రాజమహేంద్రవరంలో ఒక బ్యాంకులో క్లర్కుగా పనిచేస్తున్నాను. మా బాబుకి ఎనిమిదేళ్లు. మొన్ననే మూడో తరగతి పూర్తి చేశాడు. ఆటిజం ఉందని నాలుగో ఏట తెలిసింది. ఒకటో తరగతికి వచ్చాక, ధ్యాస నిలవనివ్వని, కుదురుగా కూర్చోనివ్వని ఏడీహెచ్‌డీ కూడా ఉందన్నారు. వాడికి కరెంటు మీటర్లంటే ప్రాణం. మా అపార్ట్‌మెంట్ కింద మెట్ల పక్కన వరసగా బిగించిన మీటర్ల ముందు నిలబడి ఏ ఫ్లాటుకి ఎన్ని యూనిట్లు తిరిగాయో చదువుతాడు. రీడింగ్ తీసే అతను వస్తే వెనకే తిరుగుతాడు. అదే పిల్లవాడు తరగతి గదిలో పది నిమిషాలు ఒకచోట కూర్చోలేడు. లేచి కిటికీ దగ్గరికి వెళ్తాడు, పక్కవాడి పెన్సిల్ డబ్బా తెరుస్తాడు, టీచరు ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు చెప్పేస్తాడు. పొడుగ్గా బెల్ మోగిందంటే చెవులు మూసుకుని బల్ల కింద దూరతాడు.

ఈ రెండూ ఒకే పిల్లవాడిలో ఉన్నప్పుడు బడి వెతకడం ఎందుకంత కష్టమో కాస్త వివరంగా చెబుతాను. ఆటిజం ఉన్నందువల్ల వాడికి ఏదీ మారకూడదు. అదే బెంచీ, అదే టీచరు, అదే వరసలో పీరియడ్లు కావాలి. ఏడీహెచ్‌డీ ఉన్నందువల్ల అదే పని కాసేపు చేయగానే విసుగొస్తుంది, కాళ్లు చేతులు ఆడాలి, కొత్తది ఏదో కావాలి. తన బెంచీలో ఇంకొకరు కూర్చుంటే ఏడుస్తాడు, ఆ బెంచీలో తను మాత్రం నిలకడగా కూర్చోడు. 2013 వరకు డాక్టర్లు ప్రమాణంగా తీసుకునే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పుస్తకం ప్రకారం ఈ రెండింటినీ ఒకరికే కలిపి నిర్ధారించడానికి వీల్లేదు. ఆ ఏడాది వచ్చిన ఐదో ఎడిషన్‌లోనే ఆ నిబంధన తీసేశారు. కాబట్టి చాలామంది టీచర్లకు ఒకటి తెలిస్తే రెండోది తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

బడి ఎంపికలో దీని ప్రభావం సూటిగా కనబడుతుంది. బాగా క్రమశిక్షణ ఉన్న బడి చూస్తే, టైమ్‌టేబుల్ గడియారం ప్రకారం నడుస్తుంది, గది నిశ్శబ్దంగా ఉంటుంది. వాడికి ఇదే మంచిదనిపిస్తుంది. కానీ అక్కడ ఉదయం నుంచి సాయంత్రం స్టడీ అవర్ దాకా కదలకుండా కూర్చోవాలి. ఇంకోవైపు ఆటపాటల పద్ధతి అని చెప్పే బడులున్నాయి. పిల్లలు స్వేచ్ఛగా తిరుగుతారు, కొట్టరు, తిట్టరు. కానీ గదిలో నాలుగు గుంపులు ఒకేసారి మాట్లాడుతుంటాయి. ఇవాళ్టి కార్యక్రమం ఏమిటో పిల్లలకు ముందుగా తెలియదు. మా వాడు అలాంటి చోట మధ్యాహ్నానికే అలసిపోయి గోల పెడతాడు. మాకు కావలసింది రోజు ఎలా నడుస్తుందో ముందే తెలిసేలా ఉండి, మధ్యమధ్యలో కదలనిచ్చే బడి. ఫీజు ఎంతైనా, సిలబస్ ఏదైనా, మొదట చూడాల్సింది ఇదే అని నా నమ్మకం.

ఇప్పుడు మా బాబు చదువుతున్నది మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న చిన్న ప్రైవేటు బడి. పెద్ద భవనం లేదు, బస్సు లేదు. తరగతిలో పిల్లలు తక్కువ. వాడి క్లాస్ టీచర్ స్పెషల్ ఎడ్యుకేషన్ చదవలేదు, మామూలు బీఈడీ. ఆవిడ చేసిన పనులు కొన్ని చెబుతాను, ఎందుకంటే వీటిలో దేనికీ పైసా ఖర్చు కాలేదు. బోర్డు పక్కన ఒక అట్టముక్క మీద ఆ రోజు పీరియడ్లన్నీ బొమ్మలతో వరసగా పెట్టారు. ఒకటి అవగానే దాన్ని మా బాబే వెళ్లి తిప్పేస్తాడు. వాడికి ఏది అయిందో, ఏది మిగిలిందో తెలుస్తుంది, పైగా లేచి నాలుగడుగులు నడిచినట్టూ అవుతుంది. హాజరు పట్టీ ఆఫీసు గదికి చేర్చే పని వాడికే ఇచ్చారు. వాడి బెంచీ తలుపుకి దూరంగా గోడవైపు వేశారు. బెల్ కొట్టే ముందు ఆయా వచ్చి తలుపు దగ్గర చెయ్యి ఊపుతుంది. వాడు చెవులు మూసుకుంటాడు, బెల్ అయిపోతుంది, పాఠం సాగిపోతుంది.

లెక్కల్లో తీసివేతల దగ్గర వాడు నెలల తరబడి ఆగిపోయాడు. పుస్తకంలో మామిడిపండ్లు, గోళీలు ఉంటే వాడి మనసు వాటి మీద నిలవదు. మీటర్ల పిచ్చి సంగతి నేను చెబితే టీచర్ మర్నాడే నోటుపుస్తకంలో రెండు గళ్లు గీసి, పోయిన నెల రీడింగు, ఈ నెల రీడింగు రాసి, ఎన్ని యూనిట్లు కాలాయో చెప్పమన్నారు. 4,312 లోంచి 4,187 తీసేయడానికి వాడు పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం నేర్చుకున్నాడు. ఆ వారమంతా ఇంట్లో మా నాన్నగారి చేత, పక్కింటివాళ్ల చేత పాత కరెంటు బిల్లులు తెప్పించుకుని లెక్కలు చేశాడు. అన్నీ ఇలాగే కుదురుతాయని చెప్పను. డ్రమ్ములతో డ్రిల్లు ఉన్న రోజు ఇప్పటికీ కష్టమే, చేతిరాత అంతంత మాత్రమే. కానీ వాడు బడికి వెళ్లనని ఏడవడం మానేశాడు.

ఈ బడి మాకు ఒక సహోద్యోగి మాటల్లో యాదృచ్ఛికంగా తెలిసింది. అంతకుముందు తిరిగిన చోట్ల విన్న మాటలు చాలామంది తల్లిదండ్రులకు అనుభవమే. ఒక పెద్ద బడిలో రిసెప్షన్‌లో అప్లికేషన్ ఇచ్చారు, సీట్లున్నాయన్నారు. ప్రిన్సిపాల్ గదిలో ఆటిజం అనే మాట చెప్పగానే సీట్లు అయిపోయాయి. కాగితం మీద రాసివ్వమంటే నీళ్లు నమిలారు. ఇంకోచోట తరగతిలో వాడి పక్కనే ఉండి చూసుకునే షాడో టీచర్‌ని మీరే పెట్టుకోండి, నెలకు 15,000 అవుతుంది, స్కూలు ఫీజు మాత్రం పూర్తిగా కట్టాలి అన్నారు. మరోచోట వాడికి పలకా బలపం ఇచ్చి పరీక్ష పెట్టారు. వాడు ఫ్యాను చూస్తూ కూర్చుంటే, మీవాడు మా స్టాండర్డ్‌కి సరిపోడు అని చెప్పి పంపేశారు.

ఇవేవీ చట్టం ఒప్పుకునే పనులు కావు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో ఆటిజం ఉంది. దాని 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులు తీసుకునే బడులతో పాటు ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి ప్రైవేటు బడీ వివక్ష లేకుండా చేర్చుకోవాలి, పిల్లవాడి అవసరానికి తగ్గ ఏర్పాట్లు చేయాలి. ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. చిన్నపిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు ప్రవేశ పరీక్ష పెట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ నిషేధించింది. కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని అదే చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. మన రాష్ట్రంలో ప్రైవేటు బడుల ఒకటో తరగతిలో ఉచితంగా ఇవ్వాల్సిన 25 శాతం సీట్లలో 5 శాతం (మొత్తం సీట్ల లెక్కన) అనాథలు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలు, దివ్యాంగులకు కేటాయించారు. ఈ సంగతి దరఖాస్తు గడువు దాటాక తెలుసుకున్న తల్లిదండ్రులు నాకు తెలుసు.

నోటిమాటతో కాదన్న బడి మీద ఫిర్యాదు చేయాలంటే చేతిలో ఆధారం ఉండదు. అందుకే తోటి తల్లిదండ్రులకు నేను చెప్పేది, అడ్మిషన్ అడిగేటప్పుడే దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. ఆ రసీదు ఉంటే జిల్లా విద్యాశాఖాధికారికైనా, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కైనా రాయడానికి వీలుంటుంది.

సర్టిఫికెట్ గురించి కూడా కొంచెం రాయాలి. వైకల్య ధ్రువపత్రం కోసం వెళ్లే ప్రభుత్వ సదరం శిబిరంలో ఆటిజం తీవ్రతను భారతీయ పిల్లల కోసం తయారుచేసిన ఇసా కొలమానంతో అంచనా వేస్తారు. 40 శాతం, అంతకు మించి ఉంటే చట్టంలోని ప్రత్యేక ప్రయోజనాలు వర్తిస్తాయి. ఏడీహెచ్‌డీ మాత్రం ఆ 21 రకాల్లో విడిగా లేదు. అంటే మా బాబుకి ఆటిజం వల్ల సర్టిఫికెట్ వచ్చింది. ఒక్క ఏడీహెచ్‌డీతోనే సతమతమవుతున్న పిల్లవాడికి ఆ దారి లేదు. అలాంటి పిల్లలే ఎక్కువగా అల్లరి పిల్లలన్న ముద్ర పడి దెబ్బలు తింటున్నారు. ఈ లోటును కేంద్రం సరిచేయాలి.

బంధువులు చెప్పే సలహాలు రెండింటి మీద నా అభిప్రాయం స్పష్టంగా రాస్తాను. మొదటిది, ఆటిజం ఉందని బడిలో చెప్పకుండా చేర్చేయండి అనేది. ఈ సలహా ప్రేమతోనే ఇస్తారు. కానీ చెప్పకపోతే గోడవైపు బెంచీ అడగడానికి, బెల్ సంగతి అడగడానికి మనకు నోరు రాదు. రెండు నెలల్లో టీచరే కనిపెడుతుంది. అప్పటికి పిల్లవాడికి మొండివాడని పేరు వచ్చేసి ఉంటుంది. ఏడాది మధ్యలో టీసీ చేతిలో పెడితే ఇంకో బడి దొరకదు. రెండోది, హాస్టల్లో వేస్తే దారికొస్తాడు అనేది. చెవుల్ని బాధించే శబ్దానికి భయపడే పిల్లవాణ్ని వందమంది పడుకునే హాలుకి పంపితే ఏ దారికీ రాడు. పగలంతా బడిలో తట్టుకుని నిలబడ్డ పిల్లవాడికి సాయంత్రం ఇల్లు కావాలి. దూరపు బడి వద్దని నేను అనేదీ అందుకే. బస్సులో గంట వెళ్లి గంట వస్తే, సాయంత్రం స్పీచ్ థెరపీకో, ఆక్యుపేషనల్ థెరపీకో తీసుకెళ్లేసరికి వాడిలో ఓపిక మిగలదు.

ప్రత్యేక పాఠశాలలను చిన్నచూపు చూడకూడదని కూడా చెప్పాలి. మాటలు ఇంకా రాని పిల్లలకు, బాత్రూముకి వెళ్లడం, సొంతంగా తినడం మొదట నేర్చుకోవాల్సిన పిల్లలకు కొన్నేళ్లు మంచి ప్రత్యేక పాఠశాలే మేలు. మా థెరపీ సెంటర్లో పరిచయమైన ఒకావిడ తన కూతుర్ని ప్రత్యేక పాఠశాలలో రెండేళ్లు ఉంచి, ఇప్పుడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చేర్చారు. ఆ పాప అక్కడ సంతోషంగా ఉంది. చట్టం కూడా వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బడిలోగానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోగానీ ఉచిత విద్య ఇవ్వాలంటోంది. ఏ సెంటర్లో చేర్చినా పాఠం చెప్పేవాళ్లకు, ఈ రంగంలో శిక్షణ పొందినవాళ్లను నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో అడగాలి. ఆరు నెలల్లో పూర్తిగా నయం చేస్తామని బోర్డు పెట్టే చోట అడుగు పెట్టకపోవడమే మంచిది. సందేహం ఉంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ, పూర్వం ఎన్ఐఎంహెచ్ అని పిలిచిన ఎన్ఐఈపీఐడీలో ఒకసారి అంచనా వేయించుకోవచ్చు.

ప్రభుత్వ బడి అనగానే మధ్యతరగతివాళ్లం వెనకడుగు వేస్తాం. కానీ సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, వాటిలో ప్రత్యేక శిక్షణ పొందిన రిసోర్స్ టీచర్లున్నారు. చాలా ప్రైవేటు బడుల్లో ఆ మాత్రం కూడా లేరు. చిక్కల్లా వాళ్ల సంఖ్యలోనే ఉంది. సుప్రీంకోర్టు రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021లో ఇచ్చిన తీర్పు తర్వాత, ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న 10 మంది పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని కేంద్రం 2022లో నిర్ణయించింది. పోస్టులు ప్రకటించమని 2025 మార్చిలో కోర్టు మళ్లీ రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తర్వాత మన ప్రభుత్వం 2,260 పోస్టులు మంజూరు చేసింది. చాలా మంచి నిర్ణయం. ఏ పోస్టు ఏ బడికి వచ్చిందో తల్లిదండ్రులకు తెలిస్తేనే దాని ఫలితం పిల్లలకు అందుతుంది.

సీబీఎస్ఈనా, స్టేట్ సిలబస్సా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. సీబీఎస్ఈలో ఇలాంటి పిల్లలకు మూడు గంటల పరీక్షకు గంట అదనపు సమయం, రెండు భాషలకు బదులు ఒకే భాష చదివే వెసులుబాటు ఉన్నాయి. ఆ తర్వాత ఓపెన్ స్కూల్ దారి ఎప్పుడూ ఉంటుంది. కానీ ఇవి పదో తరగతి నాటి మాటలు. మూడో తరగతి పిల్లవాడికి బోర్డు పేరు కన్నా గదిలో ఉండే మనిషి ముఖ్యం. అందుకే చేర్చే ముందు ప్రిన్సిపాల్‌తో మాట్లాడి ఊరుకోకుండా, క్లాస్ టీచర్ని చూపించమనండి. ఒక పీరియడ్ వెనక కూర్చోనివ్వమనండి. పిల్లవాడు చెప్పిన పని చేయకపోతే మీరేం చేస్తారు అని ఆవిడనే అడగండి. బయట నిలబెడతాం అంటే అక్కడితో ఆపేయొచ్చు. ముందు ఎందుకు చేయడం లేదో చూస్తాం అంటే, ఆవిడకు ఆటిజం అనే మాట తెలియకపోయినా ఫరవాలేదు. ఇంటర్వెల్‌లో ఆటస్థలం చూడండి, ఒంటరిగా నిలబడ్డ పిల్లల్ని ఎవరైనా పలకరిస్తున్నారేమో గమనించండి. డబ్బాలో పెరుగన్నం ఒక్కటే తెచ్చుకుంటే ఒప్పుకుంటారా అని కూడా అడగండి. మా వాడు ఒక బడిలో అన్నం దగ్గరే బెదిరిపోయాడు.

మా చెల్లెలు టెక్సాస్‌లో ఉంటుంది. అక్కడ ఇలాంటి ప్రతి పిల్లవాడికీ వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాసి, కనీసం ఏడాదికోసారి తల్లిదండ్రులతో కూర్చుని సమీక్షించడం ప్రభుత్వ బడుల చట్టబద్ధమైన బాధ్యత. దాని మూలమైన చట్టం 1975లోనే వచ్చింది. అక్కడి మన తెలుగు కుటుంబాలు బడిలో సేవలు ఎలా ఉన్నాయో చూసుకుని ఇల్లు మారడం మామూలే. వాళ్లు అలా చూసుకోగలుగుతున్నారంటే చూడటానికి సమాచారం దొరుకుతోంది కాబట్టే. మనకు చట్టం ఉంది, సమాచారమే లేదు.

కాబట్టి తూర్పుగోదావరి జిల్లా విద్యాశాఖను, మిగతా జిల్లాల అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ప్రతి ఏటా అడ్మిషన్లు మొదలయ్యే లోపు, ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా, ఏ బడిలో స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారో, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఇప్పుడు ఎంతమంది చదువుతున్నారో, ఏ భవిత కేంద్రం ఏ రోజుల్లో ఏ సేవలు ఇస్తోందో తెలుగులో ఒక జాబితా ప్రకటించండి. పిల్లల పేర్లు అక్కర్లేదు, బడుల పేర్లు చాలు. చేర్చుకోని బడి కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. గుర్తింపు రెన్యూవల్ చేసేటప్పుడు ఆ వివరాలు కూడా చూడండి. సంపాదకులు అడ్మిషన్ల కాలంలో ఆ జాబితాకు విద్యా పేజీలో చోటివ్వాలని నా మనవి.

మా థెరపీ సెంటర్లో కలిసే తల్లిదండ్రులం కొందరం ఇప్పటికే మా ఊళ్లో మాకు తెలిసిన బడుల వివరాలు ఒక పుస్తకంలో రాసుకుంటున్నాం. అధికారులు ఫారం తయారుచేసి ఇస్తే, సెలవు రోజుల్లో బడులకు ఫోన్లు చేసి నింపే పని మేము చేస్తాం. ఎప్పుడు రమ్మంటే అప్పుడు డీఈఓ ఆఫీసుకు వస్తాం.

ఇట్లు,
ఒక తల్లి,
రాజమహేంద్రవరం